గుమ్మటం పక్కన ఎర్ర హరివిల్లు

ఫ్లోరెన్స్‌లో మేమిద్దరం అద్దెకున్న గదిలో, నా మంచం తలవైపు గోడకి ఒక ఫొటో వేలాడుతుండేది. మాకంటే ముందున్నవాళ్ళెవరో వదిలేసిపోయింది. అసలుది కాదు, నకలు. పంతొమ్మిదో శతాబ్దంలో ఎవరో ఊరికి దక్షిణంగా ఉన్న గుట్టల మీంచి తీశారు. కింద ఆర్నో నది, వంతెనలు, ఒకదాన్నొకటి తోసుకుంటున్న పెంకుల కప్పులు, వాటన్నిటి నడుమ పిల్లల మధ్య పెట్టలాగా పెద్ద చర్చి గుమ్మటం. కళ్ళు చికిలించి చూస్తే కిటికీలు కూడా లెక్కపెట్టొచ్చు. ఆకాశం మాత్రం అప్పుడే సున్నం కొట్టిన గోడలా ఉండేది.

"పాపం, ఆ రోజు ఒక్క మబ్బూ లేదనుకుంటా," అన్నాను మొదటిసారి చూసినప్పుడు.

అన్న నవ్వాడు. అన్నంటే తోడబుట్టినవాడు కాదు. నాకంటే ఆరేళ్ళు పెద్ద. కాంతి మీద పరిశోధన చేస్తూ అప్పటికే మూడేళ్ళుగా అక్కడున్నవాడు, ఆ గదిలో సగం చోటు నాకిచ్చినవాడు.

"అలాంటి ఫొటోలు వందలున్నాయిరా. అన్నిట్లోనూ ఆకాశం తెలుపే. అన్ని రోజులూ మబ్బుల్లేకుండా ఉంటాయా?"

ఆ రాత్రి చాలాసేపు చెప్పాడు. అప్పటి గాజుపలకల మీద పూసే కొలోడియన్ పూతకి నీలం బాగా ఆనేది, ఎరుపు దాదాపు ఆనేదే కాదు. ఫ్లోరెన్స్ చూస్తే కప్పులన్నీ ఎర్ర పెంకులాయె. ఆ పెంకులు పలక మీద పడేదాకా లెన్సు మూత తీసి ఉంచితే, ఈలోగా నీలాకాశం నెగటివ్‌లో నల్లగా మాడిపోయేది. అచ్చు వేస్తే తెల్ల కాగితమే మిగిలేది. ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే అనే ఆయన 1850ల్లో దీనికో ఉపాయం కనిపెట్టాడు: సముద్రాన్ని ఒక నెగటివ్ మీదా, మబ్బుల్ని ఇంకో నెగటివ్ మీదా తీసి, రెంటినీ ఒకే కాగితం మీద అచ్చు వేశాడు. జనం ముక్కున వేలేసుకున్నారట. ఫ్లోరెన్స్‌లోనే 1852లో అలినారి సోదరులు ఫొటోల సంస్థ మొదలుపెట్టి ఇటలీ కట్టడాలన్నిటినీ పలకలకెక్కించారు. "ఊరినంతా దాచారు, ఊరి మీది వాతావరణాన్ని దాచలేకపోయారు," అన్నాడు అన్న.

ఆ మాట నాకు పట్టుకుంది. నా దగ్గర రంగుల స్లైడు ఫిల్ము ఉంది, చేతులు మారి వచ్చిన నికాన్ ఎఫ్.ఎం.2 ఉంది, దానికి ఒకే ఒక్క 50 మి.మీ. లెన్సు ఉంది. వయసు ఇరవై మూడు. వాళ్ళకి దొరకని ఆకాశాన్ని నేను పట్టి తీసుకొస్తానని తీర్మానించుకున్నాను. నవ్వొస్తుంది ఇప్పుడు.

అది 2005. డిజిటల్ కెమెరాలు అప్పటికే వచ్చేశాయి, నా తోటివాళ్ళ చేతుల్లో ఉన్నాయి కూడా. నాకు స్తోమత లేక ఫిల్ము. పైకి మాత్రం "ఫిల్ములో ఉన్న జీవం దాంట్లో ఎక్కడుంది" అని చెప్పుకునేవాణ్ణి. వాడింది వెల్వియా, 50 వేగం. రంగుల్ని ఉన్నదానికంటే ఒక పాలు ఎక్కువ చేసి చూపించే ఫిల్ము అది. దాంతో వచ్చిన చిక్కల్లా, పొరపాటుని క్షమించదు. వెలుగు లెక్కలో ఒక స్టాపు, అంటే రెట్టింపో సగమో, అటైతే తెల్లబోతుంది, ఇటైతే నీడలన్నీ బొగ్గు. పైగా 36 ఫ్రేములే. ఒక్కోటీ నొక్కేముందు ఊపిరి బిగబట్టేవాణ్ణి.

తెల్లవారుజామున లేచి గది నుంచి నడక. శాంతా క్రోచె చర్చి పక్క సందుల్లోంచి నది ఒడ్డుకొచ్చి, వంతెన దాటి, సాన్ నికోలో బురుజు దగ్గర మెట్లెక్కితే పియత్సాలే మికెలాంజెలో. ఊరంతా ఒక్క చూపులో పట్టే రాతి వసారా అనుకోండి. ఎంతో పాతదనుకున్నాను, కాదు. ఫ్లోరెన్స్ కొన్నేళ్ళపాటు ఇటలీకి రాజధానిగా ఉన్నప్పుడు, 1869లో జుసెప్పె పొజ్జి అనే వాస్తుశిల్పి గీసిన నక్షా అది. మధ్యలో దావీదు శిల్పానికి కంచు నకలు ఉంటుంది. పగలంతా బస్సులూ జనమూ. పొద్దున ఆరున్నరకి మాత్రం నేనూ, కంచు దావీదూ, కుక్కల్ని తిప్పేవాళ్ళు ఒకరిద్దరూ.

అక్కడ నిలబడితే చూపు వాయవ్యానికి ఉంటుంది. ఎడమన నది మీద పొంటే వెక్కియో, ఎదురుగా పాలాజ్జో వెక్కియో బురుజు, ఆ పక్కన జొట్టో గంటగోపురం, గుమ్మటం, ఇంకా కుడికి వస్తే శాంతా క్రోచె. శీతాకాలంలో సూర్యుడు మన వీపు వెనక, కాస్త కుడిగా, ఆగ్నేయంలో లేస్తాడు. ఈ దిక్కుల సంగతి అప్పుడు నా బుర్రకెక్కలేదు. తెల్లవారే ఆకాశమంటే తూర్పే కదా అనుకునేవాణ్ణి. వసారా కుడి అంచుకు పోయి, ఆర్నో ఎగువన కొండల మీద ఎరుపు ఎప్పుడొస్తుందా అని కళ్ళు కాయలు కాచేలా చూసేవాణ్ణి.

అక్టోబరంతా మబ్బుల్లేని ఉదయాలే. చూడ్డానికి హాయి, ఫొటోకి పస లేదు. సూర్యుడు దిగంతానికి ఆరు డిగ్రీల కింద ఉన్నప్పటి నుంచి పైకొచ్చేదాకా అరగంట ఉంటుంది. ఆ అరగంటలో నీలం, ఊదా, గులాబీ, పసుపు వరసగా వచ్చి పోతాయి. అంతే, ఏ రోజుకా రోజు అదే వరస. కొన్ని రోజులు నది మీంచి పొగమంచు లేచి వంతెనల్ని మింగేది. అది బాగుండేది, కానీ నాకు కావలసింది అది కాదు. నాకు కావలసింది ఏమిటని అడిగితే చెప్పలేకపోయేవాణ్ణి.

ఒక్కసారి అన్న నా వెంట వచ్చాడు, అక్టోబరు చివర్లో. నేను తూర్పుకి ట్రైపాడు పెట్టుకుంటుంటే ఆయన చేతులు జేబుల్లో పెట్టుకుని పడమటికి తిరిగి నిలబడ్డాడు.

"అన్నా, సూర్యుడు ఇటు," అన్నాను.

"సూర్యుణ్ణి రోజూ చూస్తూనే ఉన్నాం. ఇది చూడు."

పడమటి దిగంతంలో, కప్పుల మీదుగా, నీలిబూడిద రంగు పట్టీ ఒకటి అడ్డంగా పరుచుకుని ఉంది. దాని మీద గులాబీ పట్టీ. "ఆ కింద నీలిది ఏంటో తెలుసా? భూమి నీడ. మన నీడే, గాలి మీద పడింది. సూర్యుడు ఇటు లేచేకొద్దీ అది అటు దిగిపోతుంది." చూస్తుండగానే దిగిపోయింది కూడా. నేను తలూపి మళ్ళీ తూర్పుకి తిరిగాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఆ రోజు నా విషయంలో తిరగబడింది.

అప్పుడే ఇంకోటి చూపించాడు. వెలుగు ఊరి మీదికి పైనుంచి కిందికి దిగుతుంది. అన్నిటికంటే ముందు గుమ్మటం కొసన ఉన్న బంగారు పూత గోళం అంటుకుంటుంది. మిగతా ఊరంతా ఇంకా నీడలోనే ఉంటుంది, అదొక్కటే నిప్పుకణంలా వెలుగుతుంది. తర్వాత దాని కింది పాలరాతి బుల్లి గోపురం, తర్వాత ఎర్ర గుమ్మటం, ఆ తర్వాతే కప్పులు. వాస్తుశిల్పి బ్రూనెల్లెస్కి 1420లో మొదలుపెట్టి పదహారేళ్ళలో ఆ గుమ్మటాన్ని మూశాడు, కింద నుంచి చెక్క ఆధారం నిలబెట్టకుండా. పైనున్న గోళం ఆయన పోయాక, 1471లో శిల్పి వెరోక్కియో పనివాళ్ళు ఎక్కించింది. లియొనార్దో కుర్రాడిగా పని నేర్చుకున్నది ఆ వెరోక్కియో దగ్గరే. సరే, అంత ఎత్తున లోహం పెట్టాక ఆకాశం ఊరుకుంటుందా? పిడుగులు పడుతూనే ఉండేవి. 1600 జులైలో ఒక రాత్రి పడ్డ పిడుగుకి గోళం ఊడి, గుమ్మటం మీంచి దొర్లి, కింద వీధిలో పడింది. రెండేళ్ళకి మళ్ళీ ఎక్కించారు. అది పడినచోట చర్చి వెనక నేలలో గుండ్రని తెల్ల పాలరాయి పొదిగారు. రోజూ వేలమంది దాని మీంచి నడుస్తారు, ఎవరూ కిందికి చూడరు. నేనూ రెండు నెలలు తొక్కుకుంటూ తిరిగినవాణ్ణే.

నవంబరు వచ్చింది, వానలొచ్చాయి. నవంబరు వానంటే ఆ ఊరికి ఇప్పటికీ గుండెలో దడ ఉంటుంది. 1966 నవంబరు 4న ఆర్నో పొంగి ఊరిని ముంచేసింది. శాంతా క్రోచె చుట్టుపక్కల గోడల మీద నీళ్ళు ఎంతదాకా వచ్చాయో గుర్తుగా చిన్న రాతిపలకలుంటాయి, చాలావాటి కోసం తల పైకెత్తి చూడాలి. ఒక మూల అయితే రెండు గుర్తులు ఒకే గోడ మీద ఉంటాయి: ఒకటి 1966ది, ఇంకోటి 1333ది. తమాషా ఏమిటంటే ఆ పాత వరద వచ్చింది కూడా నవంబరు 4నే. అప్పుడు కొట్టుకుపోయిన వంతెన స్థానంలో కట్టిందే ఇప్పటి పొంటే వెక్కియో.

ఆ వానల మధ్యలో, నెల సగం దాటాక, ఒక రాత్రి అన్న కిటికీలోంచి బయటికి చూసి, "రేపు పొద్దున ఎక్కు. నేనూ వస్తా," అన్నాడు.

"వాన కదన్నా?"

"అందుకే."

చీకట్లో బయల్దేరాం. ఆయన చేతిలో పెద్ద నల్ల గొడుగు, నా భుజాన ట్రైపాడు. మెట్లు తడిసి జారుతున్నాయి. పైకి చేరేసరికి చినుకులు ఆగాయి. నెత్తిన మబ్బు ఒకే దుప్పటిలా కప్పేసి ఉంది, తూర్పున మాత్రం కొండల మీద సన్నటి చీలిక. తలుపు కింద సందులాగా. ఆ చీలికలోంచి వెలుగు వచ్చి మబ్బు అడుగున తగిలింది.

ఇక ఆ ఎరుపు చెప్పలేను. మబ్బు అడుగంతా దున్నిన పొలంలా చాళ్ళు చాళ్ళుగా ఉంది. ప్రతి చాలుకీ ఒక అంచు ఎర్రగా, ఇంకో అంచు నల్లగా. అవి మన తల మీదుగా పాకి వెనక్కి పోతున్నాయి. నేను ఒంటికాలి మీద లేచాను. తూర్పుకి ట్రైపాడు, కేబుల్ రిలీజు, ఒకే దృశ్యం ఒక స్టాపు పైనా కిందా, కాస్త ఎడమకి, కాస్త కుడికి, నిలువుగా, అడ్డంగా. ఊపిరి బిగబట్టడాలూ లెక్కలూ ఆ పూట గాలికి పోయాయి. ఫిల్ము తిప్పే మీట కిరకిరమంటూనే ఉంది.

అన్న రెండుసార్లు పిలిచాడు. మొదటిసారి వినపడలేదు. రెండోసారి వినపడింది, "ఒక్క నిమిషం అన్నా" అన్నాను.

మూడోసారి పిలవలేదు, వచ్చి నా భుజం పట్టుకుని తిప్పాడు.

సూర్యుడు ఆ చీలికలోకి వచ్చేశాడు. వెలుగు సూటిగా, అడ్డంగా, మా మీంచి పోయి ఊరి మీద పడుతోంది. ఊరి వెనక, పడమట, వచ్చే వాన గోడలా నిలబడి ఉంది, పలక రంగులో. ఆ పలక ముందు గుమ్మటం, గంటగోపురం, పాలాజ్జో బురుజు కొలిమిలోంచి అప్పుడే తీసినట్టున్నాయి. గుమ్మటానికీ శాంతా క్రోచె గంటగోపురానికీ మధ్య, కప్పుల్లోంచి మొలిచినట్టు, హరివిల్లు కాలు. దాదాపు నిలువుగా లేచి, ఎడమకి ఒంగి, గుమ్మటం మీదుగా, నది మీదుగా ఎక్కడికో పోయింది.

ఎర్రటి హరివిల్లు. ఏడు రంగుల్లేవు. బయట ఎరుపు, లోపల కాస్త నారింజ, అక్కడితో సరి.

"సూర్యుడి దగ్గర నుంచి వచ్చేదాంట్లో నీలం, ఆకుపచ్చ దారిలోనే చెదిరిపోయాయిరా," అంటున్నాడు అన్న, మెల్లగా, ఎవరో నిద్రపోతుంటే మాట్లాడినట్టు. "అంత అడ్డంగా, అంత గాలిలోంచి వచ్చేసరికి మిగిలింది ఎరుపే. ఉన్న రంగులతోనే కదా విల్లు గీసేది."

కెమెరా పైన అంకె చూశాను. 34.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో నాకు ఆ అంకె నేర్పింది. ఇంకో రీలు గదిలో ఉంది, మెట్లు దిగి, నది దాటి, సందుల్లో. ట్రైపాడు తిప్పుతుంటే కాలు జారింది. అన్న గొడుగుతో సహా నన్ను పట్టుకున్నాడు. 50 మి.మీ. లెన్సు అడ్డంగా చూసేది సుమారు నలభై డిగ్రీలు. పూర్తి విల్లుకి దానికి రెండింతలు కావాలి. ఒక కాలూ గుమ్మటమూ పడతాయి, పైభాగం పడదు. నల్ల మబ్బుని చూసి కెమెరా మీటరు ఎక్కువ వెలుగు అడుగుతోంది. దాని మాట వింటే గుమ్మటం తెల్లబోతుంది. ఎండపడ్డ రాతిని కొలిచాను. నొక్కాను. కాస్త తగ్గించి ఇంకోటి నొక్కాను. అదృష్టముంటే 37వది కూడా వస్తుందని మీట తిప్పబోతే సగంలో బిగుసుకుపోయింది.

సూర్యుడు చీలిక దాటి మబ్బులోకి వెళ్ళాడు. ఎవరో దీపం ఆర్పినట్టు ఊరంతా బూడిదరంగైపోయింది. గుమ్మటం కొసన గోళం ఇంకో రెండు క్షణాలు వెలిగి, అదీ పోయింది. మొత్తం నాలుగు నిమిషాలుంటుందేమో. తర్వాత వాన మా మీదికే వచ్చింది. అక్కడ వాతావరణం సాధారణంగా పడమటి నుంచి తూర్పుకి కదులుతుంది కాబట్టి, పొద్దున్నే తూర్పు తెరిపిగా ఉండి మబ్బులు ఎర్రబడ్డాయంటే వెనకాల వాన వస్తోందని లెక్క. ఇది కూడా గొడుగు కింద నిలబడి అన్నే చెప్పాడు. నేను వినే స్థితిలో లేను.

"పూర్తిగా రాలేదన్నా. లెన్సు సరిపోలేదు. ఇరవై మి.మీ.ది ఉండుంటే..."

"నువ్వు కాలు చూశావు, నేను విల్లు చూశాను. పద, తడుస్తున్నాం."

ఫిల్ము కడిగించాక స్లైడుల్ని కిటికీ అద్దానికి పెట్టి చూశాను. తూర్పున తీసిన ముప్పై నాలుగూ బాగా వచ్చాయి. ఎర్రటి మబ్బులు, నల్లటి కొండలు. ఏ ఊరో చెప్పండి చూద్దాం? ఎక్కడైనా కావచ్చు. వాటిని ఇప్పుడు ఎవరికీ చూపించను. ముప్పై ఐదోది కొంచెం తెల్లబోయింది. ముప్పై ఆరోది నిలిచింది. కుడి అంచున నల్లగా ఏదో మసక ముక్క ఉంది, అన్న గొడుగు కొస. చాలా ఏళ్ళు దాన్ని చూసినప్పుడల్లా చిరాకు పడేవాణ్ణి.

గోడ మీది పాత ఫొటోని గది ఖాళీ చేసేటప్పుడు అక్కడే వదిలేశాం, మా తర్వాత వచ్చేవాళ్ళకి.

మొన్న, 20 ఏళ్ళ తర్వాత, ఆ స్లైడుల పెట్టె విప్పి ఒక్కొక్కటే స్కాన్ చేయడం మొదలుపెట్టాను. ముప్పై ఆరోది తెర మీద వచ్చేసరికి నా కళ్ళని నేను నమ్మలేదు. హరివిల్లు లేదు! గుమ్మటం ఉంది, బూడిద మబ్బు ఉంది, రాయి మామూలు మధ్యాహ్నం రాయిలా ఉంది. స్లైడు తీసి దీపానికి పెట్టి చూస్తే ఉంది. సంగతేమిటంటే ఆ సాఫ్ట్‌వేరు దానంతటది రంగులు 'సరిచేస్తోంది'. బొమ్మంతా ఇంత ఎర్రగా ఉందేమిటని, తప్పనుకుని, ఎరుపుని పీకేసింది. ఆ సరిచేసే మీటలన్నీ ఒక్కొక్కటే ఆపుకుంటూ వస్తే ఐదో ప్రయత్నానికి ఆ ఉదయం మెల్లగా తెర మీదికి వచ్చింది. గొడుగు కొసతో సహా. దాన్ని కత్తిరించలేదు.

అన్నకి ఫోన్లో పంపాను. ఇప్పుడాయన వేరే దేశంలో ఉన్నాడు, మాట్లాడుకుని ఏడాది దాటింది. గంట తర్వాత జవాబొచ్చింది.

"బాగుందిరా. కానీ రెండోది పడలేదు."

"రెండోదేంటన్నా?"

"పైన ఇంకో విల్లుంది ఆ రోజు. దీనికి ఓ పది డిగ్రీల ఎత్తున, మసగ్గా, రంగులు తిరగేసి. రెంటికీ మధ్య ఆకాశం ఇంకా నల్లగా. నువ్వు చూళ్ళేదా?"

చూళ్ళేదు. ఆ నాలుగు నిమిషాలూ నా కన్ను వ్యూఫైండరు మీంచి లేవలేదు. "మరి అప్పుడే చెప్పలేదేం?" అని రాశాను.

"చెబితే ఇంకా పెద్ద లెన్సు కోసం ఏడ్చేవాడివి. వానలో నిన్ను ఊరుకోబెట్టడం నా వల్ల కాలేదు."